రొట్టె అయ్యేదాకా

పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో, ఒక వాగు ఒడ్డున ఉన్న చిన్న గూడెంలో రాజి అంగన్‌వాడీ టీచరు. చిన్నప్పుడు బొగ్గుబాయి కాలనీలో మా పక్కింటి పిల్ల, నాకంటే కొంచెం చిన్నది. "ఒక్కపాలి వచ్చి నా బడి చూసి పో అక్కా" అని ఏళ్ళ తరబడి పిలుస్తోంది. వానాకాలంలో ఆ దారిన పోవద్దని ఖమ్మంలో మా ఇంట్లో అందరూ ఒక్కమాటగా అన్నారు. అన్నారు కాబట్టే బయలుదేరాను. వద్దన్న పని చేసే తెగులు నాకు పుట్టుకతోనే ఉంది, ఈ వయసులో మందు వేసి ప్రయోజనం లేదు. వాగు దగ్గర ఆటో దిగి, మోకాలికి కాస్త కిందున్న నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని దాటాను. అవతలి ఒడ్డున గొడుగేసుకుని రాజి నిలబడి ఉంది. నన్ను పలకరించడానికంటే ముందు వాగులోకి చూసింది. నీళ్ళ మధ్యలో ఒక నల్ల బండ తల కనిపిస్తోంది. "ఆ బండ కనవడినంతసేపు భయం లేదక్కా. అది మునిగితే ఇగ రేపే" అంది.

బడి అంటే ఒక్కటే గది. బయట ముసురు పట్టింది కాబట్టి పిల్లలంతా లోపలే. నేలంతా పాత టార్పాలిన్ పరిచి, దాని మీద నాలుగు మూలలా వెడల్పాటి తాంబాళాలు పెట్టింది రాజి. ఒకదాంట్లో వాగు ఒడ్డు నుంచి తెచ్చి, రాళ్ళు ఏరి, పిసికి పెట్టిన బంకమట్టి. ఒకదాంట్లో పసుపు వేసి కలిపిన గోధుమపిండి ముద్ద. నాలుగు రోజులు పాడవకుండా అందులో గుప్పెడు ఉప్పు, చేతికి అంటకుండా రెండు చుక్కల నూనె వేస్తుందట. ఒకదాంట్లో జల్లించిన తడి ఇసుక. నాలుగోదాంట్లో చింతగింజలు ఉన్నాయి గానీ, అవి కొంచెం పెద్ద పిల్లలకే. చిన్నవాళ్ళు దేన్నయినా ముందు నోటితోనే పలకరిస్తారు కాబట్టి వాళ్ళను గింజల దగ్గరికి రానివ్వదు. పిల్లలు వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడే భాషలో ఏవేవో అడుగుతున్నారు, రాజి వాళ్ళ మాటలోనే జవాబు చెబుతోంది. "వానకు నాలుగు గోడల నడుమ పడ్డ పిల్లలు అక్కా. చేతులకు పని సూపియ్యకుంటే ఒకల జుట్టు ఒకలు పీక్కుంటరు" అంది నాతో.

నేను గోడకు ఆనుకుని కూర్చుని చూస్తున్నాను. అప్పుడే ఒక తల్లి తలుపు దగ్గరికి వచ్చింది. నెత్తిన ఎరువుల బస్తా సంచి కప్పుకుంది, రొప్పుతోంది. వాగవతల వాళ్ళ ఇల్లు. "టీచరమ్మా, పైన వాన గట్టిగ కొడ్తాంది, వాగొస్తది. జల్దీ పంపు పిల్లను" అంది. ఆ పిల్ల బంకమట్టి ముద్దను అరచేతుల మధ్య పెట్టుకుని టపటపా కొడుతోంది, తల ఎత్తలేదు. రాజి లేచి గుమ్మంలోంచి వాగు వైపు ఒకసారి చూసి, బండ కనిపిస్తోందని తేల్చుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. "ఆగమ్మా. ఇంకా టైమున్నది. రొట్టె అయ్యేదాకా పిల్లను పిలువకు" అంది.

ఈ మాట నేను ఇంతకు ముందు ఒక్కసారే విన్నాను, ఇంకొకరి నోట. ఆ రోజు ఆ మాట ఎవరి గురించి అన్నారో ఆ మనిషే ఇవాళ దాన్ని అంటోంది. తనకు గుర్తుండి అంటోందా, ఊరికే నోటికొచ్చిందా అని రాజి మొహం చూశాను. మామూలుగానే ఉంది. నా గుండె మాత్రం ఎక్కడికో, ఆ బొగ్గు పొగలోకి వెళ్ళిపోయింది.

మా కాలనీలో ఇళ్ళు వరుసలు వరుసలుగా ఉండేవి. వెనక అడవి, ముందు రోడ్డు, రోడ్డు చివర బాయి. బొగ్గు గనిని మావైపు బాయి అనే అంటారు, నీళ్ళ బాయి అయినా బొగ్గు బాయి అయినా దిగేది కిందికే కదా. అన్ని ఇళ్ళల్లో బొగ్గు పొయ్యిలే. పొద్దున ఆ పొయ్యిలు రాజేసే వేళకు వరుస వరుసంతా మబ్బు దిగినట్టు పొగ. ఆ పొగ వాసన, ఆరేసిన గనిబట్టల వాసన, వానాకాలమైతే వెనక అడవిలోంచి కుళ్ళిన ఆకుల వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా అది ముక్కుకు తగిలితే నేను తలుపు తెరిచి వీధిలోకి చూస్తాను, ఎవరో రావలసి ఉన్నట్టు. మా నాయన తట్టా, చెమ్మసూ పట్టుకుని, అంటే గంపా పారా పట్టుకుని, కింద బొగ్గు ఎత్తే కార్మికుడు. రాజి వాళ్ళ నాయన పైకప్పు జారకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. ఇద్దరూ ఒకే షిఫ్టు, ఒకే సైకిలు. ఒకరు తొక్కితే ఇంకొకరు వెనక కూర్చుని బీడీ కాల్చేవారు.

మా ఇంట్లో నానమ్మ కూడా ఉండేది. వైరా వైపు పల్లెటూరి మనిషి. తాత పోయాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చింది గానీ, ఆ బొగ్గు పొగతో ఆమెకు చచ్చేదాకా పడలేదు. "మనిషి సచ్చినంక గదా మన్నుల దిగేది, ఈళ్ళేంది రోజూ దిగుతరు" అని సణిగేది. ఆమెకు ఒక పట్టు ఉండేది. నాయన బాయి దిగిన పూట తల దువ్వుకునేది కాదు. కొడుకు పైకొచ్చి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కున్నాకే దువ్వెన అడిగేది. నాయనది మధ్యాహ్నం షిఫ్టు అయితే సాయంత్రమంతా చింపిరి జుట్టుతోనే గడపలో కూర్చునేది. అమ్మకు అది నామోషీ. చుట్టాలొచ్చినప్పుడు కూడా అట్లాగే కూర్చుంటుందని విసుక్కునేది. నానమ్మ వినేది కాదు. దువ్వెన చూపిస్తే మొహం అటు తిప్పుకునేది.

మా ఇంటి వెనక ఎప్పుడూ ఒక గోనెసంచి మట్టి ఉండేది. బొగ్గులో బెజ్జం వేసి పేలుడు మందు దట్టించాక, ఆ బెజ్జం నోరు మూయడానికి మెత్తటి మట్టిని కడ్డీలుగా చేసి దూరుస్తారు. దాని కోసం మట్టిని జల్లెడ పట్టి, నీళ్ళు చల్లి, వెన్నలా పిసికి పెడతారు. మిగిలింది నాయన సంచిలో వేసుకుని తెచ్చేవాడు, పొయ్యి అలకడానికి. అంత మెత్తటి మట్టిని నేను మళ్ళీ ఎక్కడా తాకలేదు. పిల్లలం ఆ సంచి జోలికి పోతే మాత్రం వీపు మోగేది. అది పని మట్టి, ఆట మట్టి కాదు.

సైరన్ కూతలు మాకు గడియారం లెక్క. ఏ కూతకు ఎవరి నాయన దిగుతాడో, ఏ కూతకు ఎవరు పైకొస్తారో మాటలు రాని పిల్లలకు కూడా తెలుసు. బాయిలో ఏదైనా జరిగితే వేళ కాని వేళ కూసేది ఒకటి ఉంటుంది. అది ఆగి ఆగి, ఊపిరి అందనట్టు కూస్తుంది. దాని గురించి పెద్దవాళ్ళు చెప్పగా వినడమే గానీ, అప్పటి దాకా నేను వినలేదు. ఆ రోజు వాన పడుతోంది. అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టింది. కూత మొదలైంది. అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. రెండోసారి కూసేసరికి చెంబెడు నీళ్ళు పొయ్యిలో కుమ్మరించింది. వరుసలో ప్రతి ఇంట్లోంచీ అదే చప్పుడు వచ్చింది, నిప్పు మీద నీళ్ళు పడ్డ చప్పుడు. ఆ కూత వినబడితే ఏ ఇంట్లోనూ పొయ్యి మండకూడదు, అది మా కాలనీ కట్టు. తడి బూడిద వాసన వరుసంతా కమ్మేసింది. ఆడవాళ్ళు తలకు కొంగు కూడా కప్పుకోకుండా వానలో బాయి వైపు పరుగెత్తారు.

ఇంకో కట్టు కూడా ఉండేది. ఆ సమయంలో బడికి పోని చిన్నపిల్లలను అందరినీ వరుస చివరి ఇంట్లో వదిలిపోవాలి. ఆ ఇల్లు మాది. రాజి వాళ్ళమ్మ కనకమ్మత్త రాజిని తెచ్చి గడపలో దించి పరుగెత్తింది. గదినిండా పిల్లలు. ఒకడు ఏడుపు అందుకున్నాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. నానమ్మ గది మధ్యలో నిలబడి ఒకసారి అందరినీ చూసింది. తలుపు దగ్గరికి వేసి, గడియ మాత్రం పెట్టలేదు. వెనక్కి వెళ్ళి, ఆ ముట్టుకోకూడని గోనెసంచిని ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చింది. అలికిన నేల మీద గుమ్మరించింది. చెంబులో నీళ్ళు పెట్టుకుని చతికిలబడింది.

"ఏడ్సినోళ్ళకు లేదు. ఊకున్నోళ్ళకే" అంది. ఏడుపులు సగంలో ఆగాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టింది.

మగపిల్లలు ముద్ద చేతికి రాగానే ఏం చేస్తారు? బాయి చేశారు. మట్టిని దిబ్బ పోసి, వేళ్ళతో సొరంగం తొలిచి, అగ్గిపుల్లలు దిమ్మెలుగా నిలబెట్టారు. మేం రోజూ ఆడుకునే ఆటే. పైకప్పు కొంచెం కుంగింది. నానమ్మ మోకాళ్ళ మీద జరిగి వచ్చి, దాన్ని అరచేత్తో ఒక్క చరుపు చరిచి చదును చేసేసింది. ఆమె అంత గట్టిగా ఏదీ కొట్టగా నేను చూడలేదు. "ఇయ్యాల బాయి గీయి వద్దు. ఎవ్వలు తవ్వొద్దు. రొట్టెలు చెయ్యుండ్రి. కిందికెల్లి వచ్చేటోళ్ళు ఆకలి మీదొస్తరు. పొయ్యిలన్ని ఆరిపాయె, మనమన్న చెయ్యాలె గదా" అంది. జొన్నరొట్టె ఎట్లా కొడతారో చూపించింది. ముద్దను అరచేతిలో పెట్టి, తిప్పుతూ, వేళ్ళతో అంచు వెడల్పు చేస్తూ. కాసేపటికి గదంతా టపటపా శబ్దం. బయట వాన, దూరంగా ఆగి ఆగి సైరన్.

రాజి నా పక్కనే కూర్చుంది. ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "మా నాయిన వాసనొస్తాంది" అంది. నేనూ చూశాను. నిజమే. బొగ్గూ, తడి మట్టీ, ఏదో చెమట లాంటిదీ. "నానమ్మా, నాయన ఎప్పుడొస్తడు?" అన్నాను. "నీ రొట్టె అంచు పలిగింది, సూసుకో" అంది. అది జవాబు కాదని నాకు తెలుసు. అయినా అంచు చూసుకున్నాను. పగిలింది. నీళ్ళు రాసి సరిచేశాను. మళ్ళీ అడుగుదామని తల ఎత్తేసరికి నానమ్మ వేరే పిల్లవాడి వైపు తిరిగి ఉంది. నేను అడుగుతానని తెలిసే తిరిగిందని ఇప్పుడు అనుకుంటాను.

ఎంతసేపు గడిచిందో తెలియదు. సైరన్ ఆగిపోయింది. అది ఆగాక భయం ఎక్కువైంది. రొట్టెలు చేసినవాళ్ళు గోడ పొడుగునా ఆరబెట్టారు, కొందరు నిద్రపోయారు. అప్పుడు రోడ్డు మీంచి ఒక కేక వినిపించింది. ఆడమనిషి గొంతు. మాటలు లేవు, గొంతు మాత్రమే. నానమ్మ చేతులు ఒక్క క్షణం ఆగి, వెంటనే మునుపటి కంటే గట్టిగా రొట్టె కొట్టడం మొదలుపెట్టాయి. టప్, టప్ అని. నేను అమ్మ గొంతేమో అని చెవులు రిక్కించాను. అమ్మ ఎన్నడూ అట్లా అరవగా వినలేదు కాబట్టి కాదనీ చెప్పలేను, అవుననీ చెప్పలేను. నా చేతిలో మట్టి వేళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చేసింది.

తలుపు తోసుకుని ఎదురు వరుసలోని మల్లమ్మ వచ్చింది. ఒళ్ళంతా తడిసి ఉంది. ఆమె కళ్ళు పిల్లల మీద ఒక్కొక్కరి మీదుగా పోయాయి. నా మీద ఆగుతాయేమో అనుకున్నాను. నన్ను దాటిపోయాయి. రాజి మీద ఆగాయి. "రాజిని తీస్కపోవాలె పెద్దమ్మా" అంది.

నానమ్మ లేవలేదు. మల్లమ్మ మొహం చూసింది, అంతే, ఇంకేమీ అడగలేదు. "రొట్టె చేస్తాంది పిల్ల. కానియ్యి" అంది.

"ఏందే పెద్దమ్మా, అక్కడ కనకమ్మ మన్నుల పడి పొర్లవట్టె. పిల్లను తెమ్మంటుండ్రు. నువ్వు రొట్టె అంటవేంది?"

"నాకు ఎరికే. రొట్టె అయ్యేదాకా పిల్లను ఎవ్వలు పిలువొద్దు. కూసో."

"నీ కొడుకు సంగతి అడగవా?" అంది మల్లమ్మ, కోపంగానే.

నానమ్మ అడగలేదు. నాకు ఆయన నాయన. ఆమెకు కొడుకు, ఒక్కగానొక్కడు. కింద ఏమయిందో తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆమె అడగలేదు. పిల్లలు వింటున్నారని అడగలేదా, జవాబు వినే ధైర్యం లేక అడగలేదా, ఆ వయసు నాకూ వచ్చింది గానీ తెలియడం లేదు. చెంబులో వేళ్ళు ముంచి, రాజి చేతుల్లో ఉన్న మట్టి మీద నాలుగు చుక్కలు చల్లింది. రాజి రొట్టె కొట్టింది. గుండ్రంగా, అంచు పగలకుండా వచ్చింది. అయిపోయిందనుకున్నాను. రాజి దాన్ని మళ్ళీ ముద్ద చేసేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. నానమ్మ మళ్ళీ నీళ్ళు చల్లింది. మల్లమ్మ గోడకు చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. రాజి ఇంకో రొట్టె చేసి, దాన్నీ నలిపేసింది. బాగా రాలేదని నలిపేస్తోందని అనుకున్నాను. తిక్కపిల్ల, బాగానే వచ్చింది కదా అని నాకు చిరాకు కూడా వేసింది.

అప్పుడు గుమ్మంలో మా నాయన వచ్చి నిలబడ్డాడు. కళ్ళు తప్ప అంతా నలుపు. నుదుటి మీద బొగ్గుతో కలిసి నెత్తురు ఎండి ఉంది. నానమ్మ తల ఎత్తి చూసింది. ఏడవలేదు, లేవలేదు. "కాళ్ళు కడుక్కొని రారా. పిల్లల రొట్టెలు తొక్కుతవు" అంది. నాయన చిన్నపిల్లవాడిలా వెనక్కి వెళ్ళి, చూరు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని వచ్చాడు. నేను రెండు చేతులూ చాపాను. ఆయన నన్ను దాటి రాజి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మట్టి ముద్ద చేతిలో ఉండగానే రాజిని ఎత్తుకుని వానలోకి వెళ్ళిపోయాడు. నానమ్మ ఆ రోజు దువ్వెన అడగలేదు. మర్నాడు కూడా అడగలేదు. రాజి వాళ్ళ నాయన పన్నెండోనాటి కార్యం అయ్యాక అమ్మే కూర్చోబెట్టి దువ్వింది.

నా మనవడికి మూడేళ్ళు. వాడికి రంగురంగుల పిండి ముద్దల డబ్బా ఉంది. మూత తీస్తే పళ్ళ వాసన వస్తుంది. మా కోడలు హాల్లో ప్లాస్టిక్ షీట్ పరిచి, ఫోన్‌లో చూసి ట్రేలు సర్ది, గడియారం పెట్టుకుని ఆడిస్తుంది. నేను మొదట్లో వేళాకోళం చేశాను, మట్టి పిసకడానికి కూడా పాఠాలు కావాలా అని. ఇప్పుడు చేయను. వాడు ముద్దను నొక్కుతున్నప్పుడు వాడి పెదవి ముందుకు వస్తుంది, బయట ప్రపంచం మునిగినా తెలియనట్టు. ఆ పిల్లకాయకు బయట ఏ ప్రపంచమూ మునగడం లేదు, ఎవరి కూతా వినాల్సిన పని లేదు. అది చాలు. పళ్ళ వాసన వస్తే రానీ. మేం ముట్టుకున్న మట్టికి వచ్చిన వాసన వాడికి ఎన్నటికీ రాకూడదని కోరుకుంటాను, కోరుకుంటూనే ఆ వాసన కోసం నా ముక్కు వెతుకుతుంది. మనిషి బుద్ధి గిట్టుబాటు కాని బేరం.

రాజి బడిలో వాగవతలి పిల్ల రొట్టె అయింది. దాన్ని తల్లి అరచేతిలో పెట్టి, తిను అన్నట్టు చూసింది. తల్లి తిన్నట్టు నటించింది. రాజి వాళ్ళతో వాగు దాకా వెళ్ళి, ఇద్దరినీ చెయ్యి పట్టుకుని దాటించి వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి నల్లబండనే చూస్తూ ఉన్నాను. వాళ్ళు అవతలి ఒడ్డెక్కేదాకా అది మునగలేదు. మిగతా పిల్లలనూ వాళ్ళ వాళ్ళు వచ్చి తీసుకుపోయాక బండ మునిగింది, ఆ రాత్రికి నేను అక్కడే ఉండక తప్పదని తేలింది. రాజి చూరు నీళ్ళ కింద తాంబాళాలు కడుగుతుంటే పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగలేదు, అడగకూడదనే అనుకున్నాను.

"రాజీ, నువ్వు ఆ తల్లితో అన్న మాట మా నానమ్మది" అన్నాను.

"అవ్" అంది, తల తిప్పకుండానే.

"నీకు యాదికుందా? ఎంత చిన్నపిల్లవు నువ్వు. నీకేం తెలియదని, ఆ కాసేపన్నా తెలియకుండా ఉండాలని ఆమె అట్లా కూర్చోబెట్టిందనుకుంటా."

రాజి తాంబాళం బోర్లించి పెట్టింది. "మా అమ్మ గొంతు నాకు తెల్వదా అక్కా? బజాట్ల మొదటి కేక ఇనంగనే తెలిసింది. ఏమైందో తెల్వదు గానీ, అది మా ఇంటిదే అని తెలిసింది. మల్లమ్మ వచ్చి నా దిక్కు సూసినంక ఇంకేముంది. మీ నానమ్మ అన్నది గదా, రొట్టె అయ్యేదాకా పిలువొద్దని. అందుకే రొట్టె కానియ్యలే."

గుండ్రంగా వచ్చిన రొట్టెను మళ్ళీ మళ్ళీ నలిపేసిన ఆ చిన్న చేతులు కళ్ళ ముందు కదిలాయి. పక్కనే కూర్చుని ఆ పిల్లను తిక్కపిల్ల అనుకున్నాను. "నానమ్మకు ఆ సంగతి తెలుసంటావా?" అని అడిగాను.

"తెల్వకుంటే నీళ్ళెందుకు చల్లుద్ది?" అంది రాజి. "ఎండితే రొట్టె అయిపోద్ది గదక్కా."

మిగిలిన మట్టిని ఒక్క ముద్దగా చేసి, రేపటికి ఎండకుండా దాని మీద తడిగుడ్డ కప్పింది.